ఎండ పడదంటే, అందులో ఏది పడదు?

"నాకు ఎండ పడదు" అనే మాట తరచూ వింటూనే ఉంటాం. తలనొప్పి వచ్చేవాళ్ళు అంటారు, చెమటకాయలు లేచేవాళ్ళు అంటారు, ఒళ్ళు నల్లబడుతుందని బెంగపడేవాళ్ళూ అంటారు. అలా అని అని మాట అరిగిపోయింది. అందుకే ఓ ఐదేళ్ళ పిల్ల ఆ మాటే అన్నప్పుడు, ఎండ ఎవరికి మాత్రం పడుతుందిలే అని పెద్దవాళ్ళు కొట్టిపారేస్తారు.

ఇద్దరు పిల్లల్ని ఊహించుకుందాం. మొదటి పిల్ల పొద్దున అరగంట బయట ఆడుకుని వచ్చింది. కాసేపటికే చేతులు చురుక్కుమంటున్నాయని మొదలుపెట్టి, సాయంత్రానికి గుక్కపట్టి ఏడుస్తోంది. చేతులు చూస్తే పైకి ఏమీ కనిపించదు. బొబ్బ లేదు, దద్దురు లేదు, కాస్త వాపు ఉందేమో అనిపిస్తుంది. పారాసెటమాల్ వేస్తే పని చేయలేదు. రాత్రి రెండింటికి వాళ్ళమ్మకు మెలకువ వచ్చి చూస్తే పక్కలో పిల్ల లేదు. బాత్‌రూమ్‌లో బకెట్ నీళ్ళలో మోచేతుల దాకా ముంచుకుని కూర్చుంది. తుడుద్దామని తువ్వాలు ఆనిస్తే కెవ్వుమంది. మూడో రోజుకో నాలుగో రోజుకో దానంతట అదే తగ్గింది. డాక్టర్ దగ్గరికి వెళ్ళేసరికి చూపించడానికి ఏమీ మిగల్లేదు.

రెండోవాడు ఎండలో ఎంతసేపైనా ఆడతాడు, ఏడవడు. కాకపోతే రెండేళ్ళు నిండకుండానే ముక్కు మీద, బుగ్గల మీద గోధుమ రంగు చుక్కలు చిమ్మినట్టు వచ్చాయి. వెలుతురులోకి తీసుకొస్తే కళ్ళు చికిలిస్తాడు. "పుట్టుమచ్చలేమో, ముద్దుగా ఉన్నాయి" అన్నారు చూసినవాళ్ళు.

వీళ్ళిద్దరిలో చర్మ క్యాన్సర్ ముప్పు పొంచి ఉన్నది ఏడవని పిల్లవాడికి. అంత ఏడ్చిన పిల్లకు ఆ భయం లేదు, ఆమె జబ్బు వేరు. ఆమెకు నిప్పు పెట్టినట్టు అనిపించే కాంతి ఒకటి, వాడి చర్మాన్ని చప్పుడు లేకుండా పాడు చేసే కాంతి ఇంకొకటి. ఒకరికి పనికొచ్చే సన్‌స్క్రీన్ ఇంకొకరికి దాదాపు పనికిరాదు. "ఎండ పడదు" అన్న ఒక్క మాట కింద ఇంత తేడా దాగి ఉంటుంది కాబట్టే ఈ జబ్బులు పట్టుకోవడానికి ఏళ్ళు పడుతుంది. మొదటి పిల్లకున్నలాంటి జబ్బులో అయితే లక్షణాలు మొదలయ్యాక పేరు తెలియడానికి పదేళ్ళు దాటడం మామూలే.

ముందు కాంతి సంగతి చూద్దాం. ఎండలో మనకు కనిపించే వెలుతురు సుమారు 400 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, ఊదా రంగుతో మొదలవుతుంది. అంతకు కిందివి కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు. వాటిలో 315 నుంచి 400 దాకా యూవీఏ, 280 నుంచి 315 దాకా యూవీబీ. మామూలు కిటికీ అద్దం యూవీబీని దాదాపు పూర్తిగా ఆపుతుంది, యూవీఏను చాలావరకు లోపలికి వదులుతుంది, కనిపించే వెలుతురునైతే ఎలాగూ ఆపదు. సన్‌స్క్రీన్ డబ్బా మీద ఉండే ఎస్‌పీఎఫ్ అంకె ప్రధానంగా యూవీబీ లెక్కే చెబుతుంది.

అందుకని ఎండ పడదని ఎవరైనా వస్తే మూడు ప్రశ్నలు అడగాలి. అద్దం వెనక కూర్చున్నా వస్తుందా? ఎండలోకి వెళ్ళిన ఎంతసేపటికి మొదలవుతుంది, నిమిషాల్లోనా, గంటల్లోనా, మర్నాడా? తగ్గాక చర్మం మీద ఏం మిగులుతుంది? వీటికి నాలుగో ప్రశ్న జోడించాలి: ఏ వయసులో మొదలైంది? ఎందుకంటే ఎండకు దద్దుర్లు వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి ఉండేవి వంశపారంపర్య జబ్బులు కావు. పెద్దయ్యాక వచ్చే పాలిమార్ఫస్ లైట్ ఎరప్షన్ అనే ఎండ దద్దుర్లు, ఒంటి రక్షణ వ్యవస్థ ఒంటి మీదే తిరగబడే లూపస్, డాక్సీసైక్లిన్, హైడ్రోక్లోరోథయజైడ్ లాంటి మందుల వల్ల వచ్చే రియాక్షన్లు చాలా ఎక్కువ. పసితనంలోనో చిన్నప్పుడో మొదలైతేనే జన్యువుల వైపు చూపు మళ్ళాలి.

బకెట్ పిల్ల దగ్గరికి వద్దాం. ఆమె జబ్బు పేరు ఎరిత్రోపోయెటిక్ ప్రోటోపోర్ఫిరియా, పొట్టిగా ఈపీపీ. 1961లో లండన్‌లో మాగ్నస్ అనే వైద్యుడు, ఆయన సహచరులు దీన్ని విడిగా గుర్తించి రాశారు. రక్తానికి ఎరుపునిచ్చే హీమ్ తయారీలో చివరి మెట్టు, ప్రోటోపోర్ఫిరిన్ అనే అణువులో ఇనుమును పొదగడం. ఆ పని చేసే ఎంజైమ్ ఫెర్రోకెలటేజ్. అది చాలినంత లేకపోతే ఇనుము ఎక్కని ప్రోటోపోర్ఫిరిన్ ఎర్ర రక్తకణాల్లో పేరుకుపోతుంది, అక్కడి నుంచి చర్మపు రక్తనాళాల్లోకి చేరుతుంది. ఈ పదార్థం 400 నుంచి 410 నానోమీటర్ల దగ్గరి ఊదా కాంతిని బాగా పీల్చుకుంటుంది. పీల్చుకున్న శక్తిని పక్కనున్న ఆక్సిజన్‌కు అంటిస్తుంది, ఆ ఆక్సిజన్ రక్తనాళాల గోడల్ని కాలుస్తుంది. మంట పుట్టేది లోపల. పైచర్మం మీద ఏమీ కనిపించకపోవడానికి కారణం అదే. కనిపించే కాంతి కాబట్టి అద్దం ఆపదు. పారదర్శకంగా ఉండే మామూలు సన్‌స్క్రీన్ కూడా ఆపదు. పిల్ల మాట నమ్మకపోవడానికి ఇన్ని కారణాలు ఒక్కచోట చేరాయి.

తేరిపార చూస్తే మాత్రం గుర్తులుంటాయి. వేళ్ళ కణుపుల మీద చర్మం వయసు మీదపడినట్టు మందంగా, మైనం పూసినట్టు ఉంటుంది. పెదవుల చుట్టూ సన్నని గీతలు, ముక్కు మీద చిన్న చిన్న గుంటలు. ఎండ తగిలిన చేతుల పైభాగాన్నీ, తగలని అరచేతినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

పరీక్షల దగ్గర ఓ పెద్ద బోల్తా ఉంది. పోర్ఫిరియా, అంటే హీమ్ తయారీలో తేడాతో వచ్చే జబ్బుల గుంపు, అనుమానం రాగానే చాలామంది మూత్రపరీక్ష రాస్తారు. ప్రోటోపోర్ఫిరిన్ నీళ్ళలో కరగదు, మూత్రంలోకి రాదు, పిత్తరసం ద్వారా బయటికి పోతుంది. కాబట్టి రిపోర్టు నార్మల్ అని వస్తుంది, "పోర్ఫిరియా లేదు" అని ఫైలు మూసేస్తారు. కావలసింది రక్తపరీక్ష: ఎర్ర కణాల్లో మొత్తం ప్రోటోపోర్ఫిరిన్ ఎంత, అందులో లోహం ఎక్కనిది ఎంత, జింక్ ఎక్కినది ఎంత. ఈ విభజన లేకుండా మొత్తం అంకె ఒక్కటే చూస్తే మళ్ళీ పొరపాటే, ఎందుకంటే ఇనుము తక్కువైనా, సీసం విషం ఎక్కినా జింక్ ప్రోటోపోర్ఫిరిన్ పెరుగుతుంది. ఈపీపీలో లోహం ఎక్కనిదే 85 శాతం దాటి ఉంటుంది. తీసిన రక్తానికి కూడా వెలుతురు తగలకూడదు. ట్యూబు చుట్టూ వెండి రంగు ఫాయిల్ కాగితం చుట్టి పంపాలి. ఫాయిల్ లేకుండా బల్ల మీద వెలుతురులో పడి ఉన్న ట్యూబు వల్ల అసలు జబ్బే తక్కువగా కనిపించే ప్రమాదం ఉంది. ఇంత చిన్న విషయం దగ్గర ఏళ్ళ తరబడి వెతుకులాట దారి తప్పుతుందంటే నమ్మబుద్ధి కాదు.

జన్యువు కథలోనూ ఓ మెలిక ఉంది. ఏ జన్యువైనా సాధారణంగా రెండు ప్రతులుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. చాలామంది రోగుల్లో ఫెర్రోకెలటేజ్ జన్యువు ప్రతుల్లో ఒకటి గట్టిగా చెడి ఉంటుంది. అదొక్కటే అయితే ఎంజైమ్ సగం మిగులుతుంది, ఆ సగంతో మనిషి హాయిగా బతికేస్తాడు. రెండో ప్రతిలో ఓ చిన్న మార్పు తోడైనప్పుడు మాత్రం ఎంజైమ్ మూడో వంతు కన్నా కిందికి పడిపోతుంది, అప్పుడు జబ్బు బయటపడుతుంది. ఆ చిన్న మార్పు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో కూడా ఉంటుంది. యూరప్ జనంలో పదింట ఒక ప్రతిలో, జపాన్‌లో పదింట నాలుగు ప్రతుల్లో కనిపిస్తుంది. అంత సాధారణం కాబట్టి జన్యుపరీక్షల కంప్యూటర్లు దాన్ని "హాని లేనిది" అని వడకట్టేసే అవకాశం ఉంది. పైగా అది జన్యువులో ప్రొటీన్ రాసే భాగానికి బయట ఉంది. ల్యాబ్‌కు ఆ మార్పు కోసమే చూడమని రాయాలి. తల్లిదండ్రులిద్దరికీ ఏ జబ్బూ లేకుండా బిడ్డకు రావడంలోని గుట్టు కూడా ఇదే. ఇదే లక్షణాలతో, ఎక్స్ క్రోమోజోమ్ మీది ఏఎల్ఏఎస్2 అనే జన్యువు మరీ చురుకైపోవడం వల్ల వచ్చే ఇంకో రకాన్ని 2008లో గుర్తించారు. ఇందులో జింక్ ఎక్కిన వాటా కూడా ఎక్కువగానే ఉంటుంది.

ఇక నిభాయించుకోవడం. ఈపీపీ నొప్పి ఒకసారి ముదిరాక మామూలు నొప్పి మాత్రలు, గట్టి మాత్రలు కూడా పెద్దగా పని చేయవు. చల్లని గుడ్డ, చీకటి గది, ఓపిక తప్ప దారి లేదు. కాబట్టి అసలు ఆట అంతా ముందుగా వచ్చే చురుకు దగ్గరే ఉంది. చేతుల్లో చీమలు పాకినట్టు, గుచ్చినట్టు మొదలవ్వగానే నీడలోకి వెళ్ళిపోవాలి. పిల్లలు ఆ గుర్తును పెద్దవాళ్ళకంటే ముందే నేర్చుకుంటారు, లోపలికి వెళ్ళడానికి మనమే ఒప్పుకోం. స్కూల్లో ఆటల పీరియడ్ మధ్యలో పిల్ల లేచి వెళ్ళిపోతే పర్మిషన్ ఎందుకు అడగలేదని నిలదీస్తారు. ఆ నిలబెట్టిన ఐదు నిమిషాలకు మూడు రోజుల నిద్ర పోతుంది. నన్నడిగితే ఈ పిల్లలకు ఏ క్రీమ్ కన్నా ముందు కావలసింది, "చురుకు మొదలైతే అడగకుండా లోపలికి రావచ్చు" అని డాక్టర్ సంతకంతో స్కూలుకు రాసిన ఒక కాగితం. ఇంకో సంగతి: నిన్న ఎండ తగిలి ఉంటే ఇవాళ ఓర్పు ఇంకా తగ్గిపోతుంది. నిన్న ఇరవై నిమిషాలు తట్టుకున్న పిల్ల ఇవాళ ఐదు నిమిషాలకే ఏడిస్తే అది నటన కాదు.

దట్టమైన నేత పొడుగు చేతుల బట్టలు, చేతి తొడుగులు, వెడల్పు అంచు టోపీ అసలైన రక్షణ. క్రీమే కావాలంటే జింక్ ఆక్సైడ్, ఐరన్ ఆక్సైడ్ ఉండి, పూస్తే రంగు కనిపించేదే కాస్త ఉపయోగం. ఏళ్ళ తరబడి బీటా కెరోటిన్ ఇచ్చారు. దాని ఫలితానికి గట్టి ఆధారం దొరకలేదు. నిజంగా తేడా తెచ్చిన మందు అఫామెలనోటైడ్. చర్మాన్ని నల్లబరిచే హార్మోన్‌కు ఇది నకలు. బియ్యపు గింజంత ఇంప్లాంట్‌ను రెండు నెలలకోసారి నడుము దగ్గర చర్మం కింద పెడతారు. ఎండ తగలకుండానే చర్మానికి రంగునిచ్చే మెలనిన్ పెరుగుతుంది, అదే గొడుగులా పనిచేస్తుంది. యూరప్‌లో 2014లో, అమెరికాలో 2019లో పెద్దవాళ్ళకు అనుమతి వచ్చింది. గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం రవాణాను తగ్గించే బిటోపెర్టిన్ అనే మాత్ర దారి ఇంకోటి: హీమ్ తయారీకి ముడిసరుకునే తగ్గించడం. ట్రయల్స్‌లో అది రక్తంలో ప్రోటోపోర్ఫిరిన్‌ను తగ్గించింది.

కాలేయాన్ని మాత్రం మర్చిపోకూడదు. పిత్తరసంలో పోయే ఈ పదార్థం రాళ్ళు కట్టవచ్చు, కొద్దిమందిలో, అంటే వందలో ఐదుగురికి లోపే, కాలేయం పూర్తిగా చెడిపోతుంది. ఏడాదికోసారి కాలేయ పరీక్షలు తప్పనిసరి. కాలేయ మార్పిడి దాకా వెళితే ఆపరేషన్ థియేటర్ దీపాలే ప్రమాదం. వాటికి ఊదా కాంతిని ఆపే పసుపు ఫిల్టర్లు తొడగకపోతే తెరిచిన కడుపులోని అవయవాలు కాలుతాయి. రక్తం తక్కువ ఉందని వెంటనే ఐరన్ మాత్రలు రాసేయడం కూడా ఇక్కడ కుదరదు. ఈపీపీలో కొందరికి ఐరన్‌తో లక్షణాలు పెరిగాయి. ఎక్స్ క్రోమోజోమ్ రకంలో అదే ఐరన్ మేలు చేయవచ్చు. చేతులు మండే ఇద్దరు ఒకే గదిలో కూర్చుని ఉన్నా, ఏది ఏ రకమో తేలేదాకా మాత్ర ఇవ్వకూడదు.

ఇప్పుడు ఏడవని పిల్లవాడి సంగతి. అతనిది జీరోడెర్మా పిగ్మెంటోజమ్, ఎక్స్‌పీ. 19వ శతాబ్దంలో వియన్నాలో మోరిట్జ్ కపోజీ అనే వైద్యుడు వర్ణించిన జబ్బు ఇది. యూవీ కిరణాలు తగిలితే డీఎన్ఏలో పక్కపక్క అక్షరాలు అతుక్కుపోతాయి. ఇది అందరికీ జరిగేదే. మన కణాలు ఆ అతుకును కత్తిరించి, ఖాళీని పూడ్చి బాగు చేసుకుంటాయి. ఎక్స్‌పీ ఉన్నవాళ్ళలో ఆ మరమ్మతు జరగదని 1968లో జేమ్స్ క్లీవర్ అనే శాస్త్రవేత్త చూపించాడు. ఆ మరమ్మతు ఎలా జరుగుతుందో విడదీసి చెప్పిన అజీజ్ సంజార్‌కు 2015 రసాయన నోబెల్‌లో వాటా దక్కింది. ఎనిమిది జన్యువుల్లో ఏది చెడినా ఎక్స్‌పీ రావచ్చు. తల్లిదండ్రులిద్దరి నుంచీ చెడిన ప్రతి రావాలి కాబట్టి దగ్గరి రక్తసంబంధంలో పెళ్ళిళ్ళు జరిగే చోట్ల ఎక్కువ. పశ్చిమ యూరప్‌లో పది లక్షల్లో ఒకరిద్దరు, జపాన్‌లో దానికి ఎన్నో రెట్లు.

వీళ్ళలో సుమారు సగం మందికి చిన్న ఎండకే ఒళ్ళు కమిలిపోతుంది. అదీ వెంటనే కాదు, రెండు మూడు రోజులకు ముదిరి, మానడానికి వారాలు పడుతుంది. పసిబిడ్డను ఎండలో వదిలేశారని తల్లిదండ్రుల్నే అనుమానించిన సందర్భాలున్నాయి. మిగతా సగం మంది అసలు కమలరు. మచ్చలొక్కటే గుర్తు. అందుకే రెండేళ్ళలోపు పిల్లల ముఖం మీద చుక్కలు కనిపిస్తే, ముద్దుగా ఉన్నాయనే ముందు చర్మ డాక్టర్‌కు చూపించాలి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో 1971 నుంచి 2009 దాకా 106 మంది ఎక్స్‌పీ రోగుల్ని గమనిస్తే, 20 ఏళ్ళ లోపువాళ్ళలో మెలనోమా (రంగు కణాల్లో పుట్టే ప్రమాదకరమైన చర్మ క్యాన్సర్) కాని చర్మ క్యాన్సర్లు మామూలు జనం కన్నా 10,000 రెట్లు, మెలనోమా 2,000 రెట్లు ఎక్కువని తేలింది. మెలనోమా కాని మొదటి చర్మ క్యాన్సర్ వచ్చిన వయసు, మధ్యస్థంగా, తొమ్మిదేళ్ళు. సుమారు నాలుగో వంతు మందిలో నరాలు కూడా క్రమంగా దెబ్బతింటాయి. మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టినప్పుడు కాలు ఎగరకపోవడం, వినికిడి తగ్గడం దీనికి తొలి గుర్తులు.

పాత పద్ధతిలో చర్మం ముక్క తీసి, కణాలు పెంచి, యూవీ కొట్టి మరమ్మతు ఎంత జరిగిందో కొలిచేవారు. ఇప్పుడు చాలాచోట్ల ముందుగా జన్యుపరీక్షే. అందులో అర్థం తేలని మార్పు వస్తే మళ్ళీ ఆ పాత పరీక్షే తీర్పు చెబుతుంది.

నిర్వహణ అంటే యూవీతో రాజీ లేకపోవడమే. ఇక్కడ సన్‌స్క్రీన్ బాగా పనికొస్తుంది, మందంగా, మళ్ళీ మళ్ళీ పూయాలి. కిటికీలకు, కారు పక్క అద్దాలకు యూవీ ఆపే ఫిల్మ్ అంటించాలి. ముఖానికి యూవీ ఆపే పారదర్శక కవచం ఉన్న టోపీ పెట్టాలి. పాత ట్యూబ్‌లైట్లు, హాలోజన్ దీపాలు కాస్త యూవీ చిమ్ముతాయి, వాటి స్థానంలో ఎల్ఈడీలు పెట్టాలి. చేతిలో పట్టే యూవీ మీటర్ ఒకటి ఉంటే సందేహాలు తీరతాయి: మబ్బు పట్టిన రోజున కూడా ముల్లు ఎంత లేస్తుందో చూస్తే "ఇవాళ ఎండ లేదుగా" అనే మాట ఇంట్లో వినిపించదు. పగలు బయటికి రాలేని ఈ పిల్లల్ని ఫ్రాన్స్‌లో చంద్రుడి పిల్లలు అంటారు. వినడానికి కవిత్వంలా ఉంటుంది కానీ తలుపులు మూసిన ఇంట్లో పిల్లవాడికి పగలంతా ఏం తోచాలి అన్నది వాళ్ళమ్మకే తెలుసు. చర్మాన్ని మూడు నెలలకోసారి తల మాడు దగ్గర నుంచి పెదవులు, నాలుక కొస దాకా చూడాలి. కళ్ళు, వినికిడి విడిగా. విటమిన్ డి మాత్రలు ఈపీపీ వాళ్ళకూ, వీళ్ళకూ అవసరమే. పొగతాగే మనుషులు ఆ ఇంట్లో ఉండకూడదు, ఎందుకంటే పొగలోని కొన్ని విషాలు చేసే డీఎన్ఏ గాయాన్ని కూడా బాగుచేసేది ఇదే మరమ్మతు.

ఈ మరమ్మతు దారిలోనే ఇంకోచోట తేడా వస్తే కొకేన్ సిండ్రోమ్. 1936లో దీన్ని వర్ణించిన కొకేన్ అనే వైద్యుడి పేరే పెట్టారు, మత్తుమందుతో సంబంధం లేదు. ఎదుగుదల ఆగిపోతుంది, ఎండకు కమిలిపోతారు, విచిత్రంగా క్యాన్సర్లు మాత్రం పెరగవు. వీళ్ళకు మెట్రోనిడజోల్ ఇవ్వకూడదు. విరేచనాలకు అలవాటుగా రాసే ఆ మాత్రతో కాలేయం చెడి పిల్లలు చనిపోయారు. కాబట్టి పేరు తెలియడం ఇక్కడ ప్రాణం మీది విషయం.

ఎండకు మొహం, చేతుల మీద పొలుసుల దద్దుర్లు, దానితోపాటు నడక తూలడం ఉంటే హార్ట్‌నప్ జబ్బు గుర్తుకు రావాలి. ట్రిప్టోఫాన్ లాంటి అమైనో ఆమ్లాలు ఒంటికి పట్టవు, నికోటినమైడ్ మాత్రతో తేలిగ్గా సర్దుకుంటుంది. ఈ గుంపులో ఇంత సులువైనది ఇంకోటి లేదు. అన్నిటికన్నా కఠినమైనది గుంథర్ జబ్బు, అంటే పుట్టుకతో వచ్చే పోర్ఫిరియా. పసిబిడ్డ మూత్రం గుడ్డల మీద గులాబీ మరక కడుతుంది, తర్వాత పళ్ళు ఎర్రబారతాయి, ఎండ తగిలినచోట బొబ్బలు లేచి చర్మం, వేళ్ళు కూడా తినుకుపోతాయి. దీనికి ఎముక మజ్జ మార్పిడి ఒక్కటే పూర్తి చికిత్స. కామెర్లు తగ్గడానికి నీలి దీపాల కింద పడుకోబెట్టిన బిడ్డకు బొబ్బలు లేస్తే దీపం వేడి ఎక్కువైందని అనుకోకుండా, వెంటనే దీపం ఆపి మూత్రంలో, రక్తంలో పోర్ఫిరిన్లు చూడాలి. ఇందులో మూత్రపరీక్ష పనికొస్తుంది, ఈపీపీలో పనికిరానిది అదే.

ఇంట్లో ఒక బిడ్డకు పేరు తేలాక మిగతా పిల్లల సంగతి వస్తుంది. ఎక్స్‌పీలో ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు అవకాశం. మొదటి బిడ్డలో చెడిన జన్యువు ఏదో తెలిస్తే, తర్వాతి బిడ్డకు గర్భంలోనో పుట్టగానేనో అదొక్కటే చూస్తే సరిపోతుంది. రిపోర్టు రావడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. అన్నాళ్ళూ ఆ పసిబిడ్డను జబ్బు ఉన్నట్టే లెక్కేసి, కర్టెన్లు దించిన గదిలోనే ఉంచాలి. ఫలితం బాగుంటే కర్టెన్లు తీసేయవచ్చు.